గోమార్లకు పన్నెండు వారాల మాత్ర: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

విజయవాడలో గోమార్లకు సెలవు కాలం అంటూ లేదు. ఉగాది దాటగానే మొదలవుతాయి, తొలకరి పడ్డాక విజృంభిస్తాయి, సంక్రాంతి నాటికి కూడా గోడ మీద ఒకటో రెండో పాకుతూ కనిపిస్తాయి. గుణదలలో మా ఇల్లు ఏలూరు కాలువకు దగ్గర. మా రాణి నాటు జాతి కుక్క, 18 కిలోల బరువు. దాని కోసం పౌడర్ల నుంచి పట్టీల దాకా అన్నీ వాడి, చివరికి పన్నెండు వారాలకు ఒకటి చొప్పున వేసే ఫ్లురలనర్ అనే నమిలే మాత్ర దగ్గర స్థిరపడ్డాం. కొన్నేళ్లుగా మానకుండా వేస్తున్నాం. బాగా పనిచేస్తుంది. అయితే ఇంటి గోడలను వదిలేసి కుక్కకు మాత్రమే మందు వేస్తే ఆ ఖర్చులో సగం వృథా అవుతుంది. ఈ రెండో మాట మందుల దుకాణంలో ఎవరూ చెప్పరు.

మన ఇళ్లలో కుక్కలను పట్టేది ఎక్కువగా గోధుమ రంగు గోమారి. మిగతా జాతుల్లా దానికి అడవీ గడ్డీ అక్కర్లేదు, నాలుగు గోడల మధ్యే దాని బతుకంతా గడిచిపోతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు. అది కుక్కను పట్టి, రక్తం తాగి, కిందికి రాలి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది. ఇలా మూడు దశల్లో మూడు సార్లు ఎక్కి దిగుతుంది. కడుపు నిండిన ఆడ గోమారి నేల మీద ఉండదు, గోడ ఎక్కుతుంది. తలుపు చట్రం వెనుక, స్విచ్ బోర్డు సందులో, కర్టెన్ మడతలో వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పెద్ద గోమారి తిండి లేకుండా ఏడాదికి పైగా కూడా బతకగలదు. అందుకే కుక్క ఒంటి మీద కనబడేవి అసలు సంఖ్యలో కొద్ది భాగమే.

ఈ మాత్రకు ముందు వాడిన వాటి గురించి కొద్దిగా చెప్పాలి. అమిట్రాజ్ నీళ్లలో కలిపి ఒళ్లు తడిపే మందు. పశువులకూ ఇదే వాడతారు, చవక. గోమార్లు రాలిన మాట నిజం. కానీ ఆ మందు ఆరేదాకా రాణి ఒళ్లు నాకకుండా కాపలా కాయాలి, ఆ రోజంతా అది మత్తుగా పడి ఉండేది. చక్కెర జబ్బు ఉన్న కుక్కకు ఈ మందు అసలు పనికిరాదు. మెడ మీద చుక్కలుగా వేసే ఫిప్రోనిల్ మంచి మందే, మన ఊరి అలవాట్లకే కుదరదు. అది చర్మంలోని జిడ్డుతో పాటు ఒళ్లంతా పాకుతుంది, తరచూ ఒళ్లు తడిస్తే దాని పని తగ్గుతుంది. మే నెల ఉక్కలో కుక్కకు తరచూ స్నానం చేయించకుండా ఎవరుంటారు? పైగా రాణికి కాలువ కనబడితే దూకకుండా కాళ్లు ఆగవు. మెడ పట్టీ నెలల తరబడి పనిచేస్తుంది. మా పిల్లలు రోజంతా దాని మెడ కావలించుకుని కూర్చుంటారు కాబట్టి నాకు మనసొప్పక తీసేశాను. వేపనూనె రాస్తే గోమార్లు కాస్త జంకుతాయి గానీ చావవు. కర్పూరం మాత్రం దగ్గరికి రానివ్వకండి, నాకితే కుక్కకు విషం.

ఇక మాత్ర. 2014 నుంచి విదేశీ మార్కెట్లలో ఉన్న మందు ఇది. కుక్క బరువును బట్టి కొనాలి. 10 నుంచి 20 కిలోల లోపు కుక్కకు 500 మిల్లీగ్రాములది, 20 నుంచి 40 కిలోల దానికి 1000 మిల్లీగ్రాములది. పెద్ద మాత్ర కొని రెండు చిన్న కుక్కలకు చెరో ముక్క పెట్టే వారిని చూశాను. ఆ పని వద్దు, ఏ ముక్కలో ఎంత మందు ఉందో ఎవరికీ తెలియదు. తిండితో పాటు ఇస్తేనే ఒంటికి బాగా పడుతుంది. మేం కోడిమాంసం కలిపిన అన్నం పెట్టి, అది సగం తిన్నాక ఇస్తాం. మందు రక్తంలో చేరుతుంది, కరిచిన గోమారి ఆ రక్తం తాగి నరాలు పట్టు తప్పి చస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చెవుల లోపల, కాలివేళ్ల మధ్య ఉన్నవి ఎండిన గింజల్లా రాలడం చూస్తే ప్రాణం లేచి వచ్చింది. కాలువలో ఈదినా, రోజూ నీళ్లు పోసినా తేడా పడలేదు.

మొదటి మాత్ర వేశాక కూడా రెండు మూడు నెలలు రాణి మీద కొత్తవి కనిపిస్తూనే ఉన్నాయి. మందు పనిచేయడం లేదని చాలామంది ఇక్కడే మానేస్తారు. నిజానికి అవి గోడల్లో కాచుకుని ఉన్నవి. ఒక్కొక్కటే వచ్చి, కరిచి, గుడ్లు పెట్టకుండానే చస్తాయి. మధ్యలో ఒక విడత తప్పితే మిగిలినవి మళ్లీ సంతానం పెంచుకుంటాయి. పన్నెండు వారాలు అంటే పన్నెండు వారాలే. నేను క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెడతాను. అదే సమయంలో గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించాం, పెరటి గోడకు సున్నం వేయించాం, రాణి పరుపు గుడ్డలు మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికాం. మూలల్లో పురుగుమందు కొట్టించేవారికి ఒక మాట: సైపర్‌మెత్రిన్, పర్మెత్రిన్ లాంటివి పిల్లుల ప్రాణం తీస్తాయి. వీధి పిల్లులు తిరిగే పెరడైతే వద్దు.

లోపాలూ ఉన్నాయి. ధర మధ్యతరగతి ఇంటికి బరువే. ఒకసారి వేసిన సాయంత్రం రాణి కక్కుకుంది, తర్వాత మళ్లీ అలా జరగలేదు. ఈ మందుల కుటుంబం కొన్ని కుక్కల్లో వణుకు, మూర్ఛ తెప్పించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, గోమారి కరిచాకే చస్తుంది. బబీసియా అనే జబ్బు ఎక్కడానికి సాధారణంగా అది రెండు మూడు రోజులు పట్టుకుని ఉండాలి, కాబట్టి అక్కడ మాత్ర మేలు చేస్తుంది. గోమారి తెచ్చే మరో జబ్బు ఎర్లిషియా మాత్రం కొన్ని గంటల్లోనే ఎక్కగలదు.

ఎర్లిషియా ఎలా ఉంటుందో మాకు తెలుసు. మాత్ర మొదలు పెట్టక ముందు రాణికి వచ్చింది. ముందు తిండి మీద ఆసక్తి పోయింది. తర్వాత పొట్ట మీద చర్మం కింద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి సన్నగా రక్తం. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 38 వేలు. కుక్కకు కనీసం రెండు లక్షలు ఉండాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వాడాలన్నారు. వారానికే హుషారుగా తిరిగే కుక్కను చూసి మందు ఆపేయాలనిపిస్తుంది, ఆపకూడదు. మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నం అలవాటు. పాలూ పెరుగూ ఈ మందు ఒంటబట్టకుండా అడ్డుపడతాయి, అందుకని మందు పూట మామూలు అన్నం పెట్టి వెంటనే నీళ్లు తాగించాం. బొప్పాయి ఆకు రసం పోయమని చెప్పినవారు చాలామంది. సూక్ష్మజీవిని చంపనిదే ప్లేట్‌లెట్లు నిలబడవు. మూత్రం కాఫీ రంగుకు తిరిగి, చిగుళ్లు తెల్లబడితే అది బబీసియా కావచ్చు. దాని మందులు వేరు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మనుషుల సంగతి. మా వీధిలో ఒకాయనకు తగ్గని జ్వరం వచ్చి స్క్రబ్ టైఫస్ అని తేలితే, పక్కింటి పిన్నిగారు నాతో “అమ్మాయ్, ముందు ఆ కుక్కను ఎక్కడైనా వదిలెయ్” అన్నారు. “అది గోమారి వల్ల వచ్చేది కాదు పిన్నిగారూ” అని కూర్చోబెట్టి చెప్పాను. దాన్ని తెచ్చేది పొదల్లో, ఎలుకలు తిరిగే చోట ఉండే, కంటికి ఆనని మైట్ అనే పురుగు పిల్ల. కరిచిన చోట, చాలాసార్లు చంకలోనో నడుము దగ్గరో, నల్లటి పక్కు కడుతుంది. ఆయన కాలువ గట్టున పిచ్చిమొక్కలు పీకిన మనిషి. అయితే కుక్క గోమారి మనిషికి చేసే హాని కూడా ఉంది. టిక్ టైఫస్ అనే జ్వరం దాని వల్ల వస్తుంది, అరచేతుల్లో అరికాళ్లలో కూడా దద్దుర్లు లేస్తాయి. రెండిటికీ మందు రాణికి వాడిన డాక్సీసైక్లినే. జ్వరం, దద్దుర్లు, పడిపోయిన ప్లేట్‌లెట్లు చూస్తే మన ఊళ్లో ముందు డెంగీయే గుర్తొస్తుంది. ఇంట్లో కుక్క ఉందనీ, గోమారి కరిచిందనీ నోరు తెరిచి డాక్టరుకు చెప్పాలి.

కుక్క మీది గోమారిని గోళ్లతో నలపడం మా ఇంట్లో నిషేధం, ఆ రక్తం చేతి గాయానికి తగిలినా జబ్బు రావచ్చు. సన్నటి మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, స్పిరిట్ సీసాలో వేస్తాం. కిరసనాయిలు పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. మాత్ర ఉందని ఈ వెతుకులాట మానలేదు. రోజూ రాత్రి చెవులు, మెడ కింద, తోక మొదలు తడిమి చూస్తాం. ఏడాదికోసారి రక్త పరీక్ష చేయిస్తాం. ఈ రెండూ చేయగలిగి, ధర భరించగలిగితే ఈ మాత్ర తీసుకోండి. ధర కుదరకపోతే, నీళ్లలో దూకని కుక్కకు ఫిప్రోనిల్ చుక్కలు తప్పకుండా వేయండి.