తొలి స్వదేశీ జలాంతర్గామి: ఇండోనేషియా దారి మేలా, తైవాన్ దారి మేలా?

చిన్న నౌకాదళం సొంతగడ్డపై డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి కట్టుకోవాలంటే ఒకరి నమూనా తెచ్చుకుని వాళ్ల దగ్గరే నేర్చుకుంటూ కట్టాలి, లేదా నమూనాతో సహా భారమంతా నెత్తిన వేసుకోవాలి.

ఇండోనేషియా మొదటి దారి పట్టింది. జర్మనీ 209 రకం నుంచి పుట్టిన 1,400 టన్నుల జలాంతర్గాములు మూడింటికి 2011లో దక్షిణ కొరియాతో సుమారు 110 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మొదటి రెండూ దక్షిణ కొరియాలోనే తయారయ్యాయి. మూడోదైన 'అలుగోరో' సురబయాలోని పీటీ పాల్ షిప్‌యార్డులో రూపు దిద్దుకుని, 2021లో నౌకాదళంలో చేరింది.

తైవాన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎనిమిది డీజిల్ జలాంతర్గాములు ఇస్తామని 2001లో అమెరికా మాటిచ్చింది. అప్పటికే డీజిల్ రకం కట్టడం మానేసిన దేశం ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? చైనా ఆగ్రహానికి జంకి మిగతా దేశాలూ ముఖం చాటేశాయి. చివరికి విదేశీ పరికరాలు, సాయం కూడగట్టుకుని కావోసియుంగ్‌లో 'హైకున్' కట్టి 2023 సెప్టెంబరులో ఆవిష్కరించారు. ఆ ఒక్కదానికే ఖర్చు 150 కోట్ల డాలర్ల పైమాట. సముద్ర పరీక్షలు 2025 జూన్‌లో మొదలయ్యాయి, నవంబరులో అప్పగించాల్సిన గడువు దాటిపోయింది.

ఆలస్యానికి నవ్వేవాళ్లు ఒకసారి షిప్‌యార్డు లోపలికి తొంగిచూడాలి. మందపాటి ప్రత్యేక ఉక్కును వలయాలుగా వంచి, ఒకదానికొకటి వెల్డింగ్ చేస్తారు. గుండ్రదనంలో కాస్త తేడా వచ్చినా తట్టుకోగల లోతు తగ్గిపోతుంది. ప్రతి అతుకునూ పరీక్షించాలి, లోపముంటే చెక్కేసి మళ్లీ అతకాలి. ఇరుకు పొట్టలో పైపులు, కేబుళ్లు ఏ వరుసలో బిగించాలో తప్పితే, ముందు పెట్టినవి విప్పాల్సిందే. కాగితం మీది నమూనా ఈ పనితనాన్ని నేర్పదు. చేయి తిరిగినవాడి పక్కన నిలబడితేనే వస్తుంది.

అందుకే, అమ్మేవాడు దొరికితే నా ఓటు ఇండోనేషియా దారికే. తైవాన్‌ది గత్యంతరం లేని దారి. దాన్ని తప్పుపట్టలేం, దొరికే దారి ఉన్నవాళ్లకు సిఫారసూ చేయలేం.

అయితే మొదటి దారిలోనూ ఒక గొయ్యి ఉంది. అందులో మనమే పడ్డాం. ముంబయి మజగావ్ డాక్‌లో 209 రకమే కట్టాం: 1992లో శల్కి, 1994లో శంకుల్. తర్వాత ముడుపుల ఆరోపణలతో ఆ వరుస ఆగింది. ఫ్రెంచి స్కార్పీన్ నమూనాతో కల్వరి నౌకాదళంలో చేరేసరికి 2017 వచ్చింది. అప్పటికి శంకుల్ కట్టిన చేతులు ఎన్ని మిగిలి ఉంటాయి? విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో సింధుకీర్తి అనే జలాంతర్గామి మరమ్మతుకే తొమ్మిదేళ్లు పట్టింది మరి.

ఇండోనేషియా అచ్చంగా అదే బాటలో నడుస్తోంది. 2019లో కొరియాతో కుదిరిన మరో మూడింటి ఒప్పందం ముందుకు సాగలేదు. 2024లో స్కార్పీన్ వైపు తిరిగి, రెండింటిని సురబయాలో కట్టేందుకు సంతకం చేసింది. కొరియా పద్ధతిలో చేయి తిరిగిన పనివాళ్లు ఇప్పుడు ఫ్రెంచి పద్ధతికి మారాలి. తైవాన్ మాత్రం హైకున్ తర్వాత మరో ఏడు కట్టాలనుకుంటోంది. వాటికి నిధులు దక్కితే, నేర్చిన చేతులకు పని ఆగదు కనుక లెక్క తైవాన్ వైపు మొగ్గుతుంది.