అయిదు వేసవులు వాడిన మా చిన్న ట్రైలర్, ఎమరాల్డ్ లేక్ నడక

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి ఈ ట్రావెల్ ట్రైలర్ కొని అయిదు వేసవులు గడిచాయి. పొడవు పంతొమ్మిది అడుగులు, ఖాళీ బరువు 3,600 పౌండ్లు. ఒక క్వీన్ మంచం, రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్, ఫ్రిజ్, ఒక మనిషి నిలబడి స్నానం చేసేంత బాత్రూమ్. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయాక మేమిద్దరమే తిరగడానికని కొన్నాం. టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి ఏటా జులైలో కొలరాడో వెళ్తాం. తెలిసినవాళ్లు ఎవరు చూసినా ముందు తలుపు తీసి లోపల ఎలా ఉందో చూస్తారు. నేను మాత్రం, తెల్లారి లేచేసరికి అది మమ్మల్ని ఎక్కడ ఉంచింది అన్నదే చూస్తాను. దీనికి నేను మంచి మార్కులు వేసేది అందుకే.

మేము దిగేది రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోని గ్లేసియర్ బేసిన్ కాంప్‌గ్రౌండ్. దాదాపు 8,500 అడుగుల ఎత్తు. కరెంటు కనెక్షన్ లేదు, సైటు దగ్గర నీళ్ల కనెక్షన్ లేదు, షవర్లు లేవు. ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికి డంప్ స్టేషన్ ఒకటి ఉంది. బీటిల్ పురుగు పట్టి పైన్ చెట్లు చచ్చిపోతే కొన్ని లూపుల్లో (సైట్ల వరసల్లో) కొట్టేశారు కాబట్టి అక్కడ నీడ ఉండదు. ముందు అది చూసి బాధేసింది కానీ సోలార్ ప్యానెల్ ఉన్నవాళ్లకి ఆ లూపులే మేలు. అన్నిటికన్నా పెద్ద లాభం, నడక దారులు మొదలయ్యే బేర్ లేక్‌కి వెళ్లే షటిల్ బస్సు ఎక్కే పార్క్ అండ్ రైడ్ రోడ్డుకి అవతలే ఉంది. ఎస్టెస్ పార్క్ ఊళ్లో హోటల్లో దిగినవాళ్లు చీకటితో లేచి కారేసుకొచ్చి పార్కింగ్ కోసం తిప్పలు పడే వేళకి, మేము ఫ్లాస్కులో కాఫీ పోసుకుని నడిచి వెళ్లి బస్సెక్కేస్తాం. పార్కులోకి ఫలానా వేళకే రావాలనే, 2020లో మొదలైన టైమ్డ్ ఎంట్రీ పర్మిట్ల హడావిడి కూడా, లోపలే దిగుతాం కాబట్టి మాకు తగల్లేదు. సైటు బుకింగ్ దొరకడమే అసలు కష్టం. ఆరు నెలల ముందు బుకింగ్ తెరుచుకునే రోజున మా ఆయన లాప్‌టాప్ ముందు, నేను ఫోనుతో కూర్చుంటాం.

ఇక ఎత్తులో దీనితో పడ్డ ఇబ్బందులు. మొదటి వేసవి రెండో రాత్రి, తెల్లవారుజామున మూడింటికి హీటరు ఆగిపోయింది. గ్యాస్ నిండుగానే ఉంది. హీటరు ఫ్యాను తిప్పే బ్యాటరీ చచ్చిపోయింది. ట్రైలర్‌తో ఇచ్చిన లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదని అప్పటికి మాకెవరూ చెప్పలేదు. జులైలో కూడా అక్కడ రాత్రులు వణికిస్తాయి. ఉన్న రెండు దుప్పట్లూ కప్పుకుని, కాళ్లకి నా శాలువా చుట్టుకుని తెల్లారేదాకా గడిపాం.

రెండో వేసవి ఫ్రిజ్ వంతు. గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే రకం అది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి లోపలి గ్యాస్ మంట సరిగా నిలవదు. పొద్దున లేచి చూస్తే పాలు విరిగాయి, పెరుగు పులిసిపోయింది, తోడుకని తెచ్చుకున్న గిన్నె కూడా పోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "పైకెళ్తే అంతే" అన్నారు. ఆ మాట కొనేటప్పుడు చెప్పాల్సింది. కొండలకే తీసుకెళ్తామని వాళ్ల ముందే కూర్చుని చెప్పాం. 5,500 అడుగులు దాటితే గ్యాస్ మీద సరిగా పనిచేయకపోవచ్చని మాన్యువల్లో చిన్న అక్షరాల్లో ఉందని తర్వాత తెలిసింది. ఆ చలికాలంలో అది తీసేసి బ్యాటరీ మీద నడిచే పన్నెండు వోల్టుల ఫ్రిజ్, 200 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీ, పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు పెట్టించాం. ట్రైలర్ ధర కాక దీనికైన ఖర్చు బాగానే నొప్పించింది. కానీ ఆ తర్వాత మూడు వేసవుల్లో పాలు ఒక్కసారి విరగలేదు, హీటరు ఒక్క రాత్రి ఆగలేదు. కొండల మీదికి వెళ్లే ఉద్దేశం ఉంటే కొనేటప్పుడే ఈ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి.

వంట సంగతి కూడా చెప్పాలి. ఆ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, అందుకని కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపైనా ఉడకదు. మేము గంట నానబెట్టి, ఇంట్లో మూడు కూతలు రానిచ్చే చోట అయిదు రానిస్తాం. మూడు లీటర్ల కుక్కర్ ఒక్కటి ఉంటే చాలు.

ఇన్నేళ్లలో ఈ బండి విలువ నాకు బాగా తెలిసొచ్చింది కిందటి జులైలో ఎమరాల్డ్ లేక్ నడక రోజున. నాకు కుడి మోకాలు నొప్పి, రెండేళ్లుగా ఫిజియోథెరపీ నడుస్తోంది. పైగా పల్లంలో ఉండే డాలస్ ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లు, ఆ ఎత్తు అలవాటు కాకుండా చేరిన మర్నాడే ఎక్కకూడదు. మొదటి ఏడాది మా ఆయన ఆగకుండా బయల్దేరి తలనొప్పి, వికారంతో సగం దారిలో వెనక్కొచ్చారు. అప్పట్నుంచి మొదటి రోజు నీళ్లు తాగుతూ సైటులోనే ఉంటాం. ముందు రోజు రాత్రే పులిహోర కలిపి పెట్టాను. వేడి చేసే పని లేదు, పాడవదు, నడిచే రోజుకి దానంత హాయి ఇంకోటి లేదు.

బేర్ లేక్ 9,475 అడుగుల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ఎమరాల్డ్‌కి 1.8 మైళ్లు, ఎక్కేది ఆరువందల అడుగుల పైచిలుకు. అంకెల్లో చూస్తే తక్కువే, కానీ ఆ గాల్లో ఇరవై అడుగులకోసారి ఊపిరి తీసుకోవాలి. అర మైలులో నింఫ్ లేక్ వస్తుంది. కలువ ఆకులతో నీళ్లు కప్పేసి, మధ్య మధ్య పసుపు పూలు. గట్టు మీద కూర్చుని మోకాలి బెల్ట్ బిగించుకున్నాను. ఆ తర్వాత మెట్లు మెట్లుగా ఎక్కుడు. "ఏవండీ, కాసేపు ఆగుదాం" అన్నాను. ఆయన ముందుకెళ్లినవారు వెనక్కొచ్చి నా బ్యాగు కూడా తగిలించుకుని, "తొందరేం లేదు, మన ఇల్లు కిందే ఉందిగా" అన్నారు. ఆ మాటకి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. తిరిగి కారు నడుపుకుంటూ గంటలు గంటలు పోవాల్సిన పని లేదన్న ధైర్యం మోకాలికి కూడా పనిచేస్తుంది.

డ్రీమ్ లేక్ చేరేసరికి గాలి ఇంకా లేవలేదు. 12,713 అడుగుల హాలెట్ శిఖరం మొత్తం నీళ్లలో తలకిందులుగా నిలబడి ఉంది. అక్కడ అరగంట కూర్చున్నాం, మాట్లాడుకోలేదు. ఎమరాల్డ్ దాని పైన. హాలెట్‌కీ పక్కనున్న ఫ్లాట్‌టాప్ కొండకీ మధ్య గిన్నెలాంటి చోట ఉంటుంది, దారి అక్కడితో ఆఖరు. నీళ్లలో వేళ్లు పెడితే పదంకెలు లెక్కపెట్టేలోపు మొద్దుబారిపోయాయి. అవతలి ఒడ్డున మంచు కరిగి రాళ్ల మీద నుంచి దిగుతున్న నీటి చప్పుడు ఇటువైపుకి కూడా వినిపిస్తోంది. బండ మీద డబ్బా మూత తీశామో లేదో, ఉడతలాంటి జంతువు నా చెప్పుల మీదికే వచ్చి పులిహోర వైపు చూసింది. వాటికి పెట్టకూడదని పార్కు నియమం. మెతుకు కింద పడకుండా ఇద్దరం ఆవురావురుమంటూ తిన్నాం.

పదకొండు కాకముందే ఫ్లాట్‌టాప్ వెనక మబ్బు తెల్లగా పొంగింది. జులైలో అక్కడ మధ్యాహ్నం ఉరుములు మామూలే, పన్నెండులోపు దిగిపోవాలి. దిగేటప్పుడే నా మోకాలు ఎక్కువ బాధ పెడుతుంది, ఊతకర్రలు రెండూ పూర్తిగా వాడాల్సొచ్చింది. షటిల్ దిగి రోడ్డు దాటుతుంటే మొదటి చినుకు పడింది. ట్రైలర్ తలుపు వేసుకున్న అయిదు నిమిషాలకి బఠాణీ గింజలంత వడగళ్లు. పైకప్పు మీద ఆ మోతకి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కాళ్లు రెండు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్నాను, ఆయన అల్లం దంచి టీ పెట్టారు. దారిలో మాకు ఎదురై ఇంకా పైకి వెళ్తున్నవాళ్లు, చిన్నపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు కూడా, ఆ వానలో ఎక్కడున్నారో అని మనసు కొట్టుకుంటూనే ఉంది.

మిగతా లోపాలు తొందరగా చెప్తాను. మూడో ఏడు వెనక కిటికీ మూల నీళ్లు దిగి చెక్క మెత్తబడింది. సీలెంట్ ఏటా చూసుకోవాలి, వాడినది కొంటుంటే పరుపెత్తి ఆ మూల వేలితో నొక్కి చూడండి. బండితో వచ్చిన టైర్లలో ఒకటి అమరిల్లో దాటాక ఎండకి పేలింది, ఆ వారమే నాలుగూ మార్చేశాం. ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి స్టోరేజీ అద్దె నెలనెలా కట్టాలి.

వానలో టీ తాగుతూ మా ఆయన, గోడలు బయటికి జరిగే పెద్ద ట్రైలర్ చూద్దామా అన్నారు. దీన్ని అయితే కొలరాడో దారిలో వచ్చే రాటన్ పాస్ కనుమ ఎక్కేటప్పుడు మా ఎస్‌యూవీ ఇబ్బంది లేకుండా లాగుతుంది, ఇరుకు సైటులో కూడా ఒక్కసారికే వెనక్కి పెట్టేస్తారు ఆయన. వద్దన్నాను. అందుకు బదులు మంచం మీద కొత్త పరుపు వేయించుకున్నాం.