ట్రిగర్డ్ ఎబిలిటీ, రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్: ఒక పోలిక

1993లో వెలువడిన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' కార్డుల ఆటలో ఈ రెండు రకాల కార్డు ప్రభావాలూ పైకి ఒకేలా కనిపించినా, పనిచేసే తీరు పూర్తిగా వేరు. ట్రిగర్డ్ ఎబిలిటీ ఏదైనా సంఘటన జరిగాకే పుట్టి స్టాక్‌పైకి (అమలు కోసం వేచి ఉండే ప్రభావాల దొంతర; చివర చేరినదే ముందు అమలవుతుంది) చేరుతుంది కనుక, ప్రత్యర్థి దానికి జవాబుగా మరో కార్డు వేయగలడు; అయితే ఒకసారి పుట్టాక, దాన్ని పుట్టించిన కార్డును తొలగించినా అది ఆగదన్న సంగతిని చాలామంది మరచిపోతారు.

రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్ స్టాక్ జోలికే పోదు. జరగబోయేదాన్ని జరగకముందే మార్చేస్తుంది కనుక, నా దృష్టిలో కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. ఉదాహరణకు, 'డూమ్డ్ ట్రావెలర్' అనే జీవి కార్డు చనిపోతే, అంటే బల్ల మీంచి గ్రేవ్‌యార్డ్‌కు (వాడేసిన కార్డుల కుప్పకు) చేరితే, ఎగరగల 1/1 (దాడి బలం 1, తట్టుకునే శక్తి 1) స్పిరిట్ టోకెన్ (కార్డుకు బదులు గుర్తుగా పెట్టే జీవి) వస్తుంది. కానీ బల్ల మీద 'రెస్ట్ ఇన్ పీస్' అనే కార్డు ఉంటే, గ్రేవ్‌యార్డ్‌కు వెళ్ళవలసిన ఆ కార్డు నేరుగా ఎగ్జైల్‌కు (ఆట నుంచి వెలివేసిన కార్డుల చోటుకు) పోతుంది; అంటే నియమాల లెక్కలో అది చనిపోనే లేదు, టోకెనూ రాదు. అన్యాయమని వాదించి లాభం లేదు.

ఒకే సంఘటనను రెండు రీప్లేస్‌మెంట్లు మార్చబోతే, ఏది ముందన్నది ఆ ప్రభావానికి లోనయ్యే ఆటగాడే, లేదా ఆ కార్డు ఎవరి అధీనంలో ఉంటే వారే నిర్ణయిస్తారు. ట్రిగర్లు ఒకేసారి పుడితే మాత్రం, ఎవరి వంతు నడుస్తోందో వారివి ముందుగా స్టాక్‌పైకి చేరి, ఎదుటివారి వాటి తర్వాతే అమలవుతాయి.