మనాలిలో అత్తయ్య జాకెట్‌కి కొత్త అస్తరు

చలి ప్రదేశాలకి వెళ్తున్నవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. జాకెట్ కొనేటప్పుడు దాని చేతుల్లోకి చెయ్యి పెట్టి చూడండి, వీపు వైపు లోపలి గుడ్డ తడిమి చూడండి. మేం ఆ పని చెయ్యలేదు. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక్కోటి 1,650 చొప్పున మూడు కొన్నాం. జిప్ తీస్తే తెల్లటి బొచ్చు, కాలర్ చుట్టూ బొచ్చు. "మంచులోకైనా వెళ్లొచ్చమ్మా" అని షాపతను చెప్తే నమ్మాం.

ఢిల్లీ నుంచి మనాలికి వోల్వో బస్సులో మనిషికి 1,400. మొదటి రోజు ఎండగా ఉంది. హిడింబా గుడి, దేవదారు చెట్లు, మాల్ రోడ్డు అన్నీ హాయిగా చూశాం.

రెండో రోజు 3,200కి కారు మాట్లాడుకుని సిస్సు వెళ్లాం. 2020లో తెరిచిన అటల్ టన్నెల్ తొమ్మిది కిలోమీటర్ల పైనే ఉంటుంది. అది దాటి లాహౌల్ వైపు రాగానే చలి మారిపోయింది. సిస్సు దాదాపు 3,100 మీటర్ల ఎత్తులో, చంద్రా నది ఒడ్డున ఉంది. కారు దిగిన ఐదు నిమిషాలకే అత్తయ్య రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకున్నారు. "వీపు మీద చన్నీళ్లు పోస్తున్నట్టుందమ్మా" అన్నారు. దారిలో 300 చొప్పున అద్దెకి తీసుకున్న మంచు సూట్లు కూడా పనికి రాలేదు. అంతకుముందు వేసుకున్నవాళ్ల తడి లోపల ఇంకా ఆరలేదు. తడి గుడ్డ ఒంట్లో వేడిని లాగేస్తుంది, అది వేసుకోవడం కంటే వేసుకోకపోవడమే నయం. అరగంటకే వెనక్కి తిరిగాం. వాళ్లమ్మ వణుకు చూసి మావారు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

గదికొచ్చాక ఇంకో దెబ్బ. రోజుకి 2,600 గది. ఫోన్లో అడిగినప్పుడు హీటర్ ఉందన్నారు. ఉంది, కానీ ప్లగ్ పెడితే రాత్రికి 350 అదనం అని అప్పుడు చెప్పారు. పెద్దావిడ వణుకుతుంటే బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? మీరు మాత్రం హీటర్ డబ్బు కలిపే చెప్తున్నారా అని ముందే అడిగి, మెసేజ్‌లో రాయించుకోండి.

ఆ సాయంత్రం కొత్త జాకెట్ కోసం తిరుగుతుంటే, మాల్ రోడ్డు వెనక సందులో ఒక ముసలి దర్జీ కనిపించాడు. అత్తయ్య జాకెట్ తీసుకుని బల్బుకి అడ్డంగా పట్టాడు. ముందు భాగం నల్లగా ఉంది. వీపులోంచీ చేతుల్లోంచీ మాత్రం వెలుతురు ఇవతలికి వచ్చేస్తోంది. బొచ్చు కాలర్‌కీ, జిప్‌కి రెండు పక్కలకే. మిగతా అంతా పల్చటి గుడ్డ. పై గుడ్డ బాగానే ఉంది, గాలిని ఆపుతుంది, దీన్ని పారెయ్యొద్దు, అస్తరు మారిస్తే చాలన్నాడు.

నేను మందపాటి బొచ్చు గుడ్డే అంతటా వెయ్యమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. స్వెటర్ వేసి కొలిచి చూపించాడు. లోపల చోటు తక్కువ, మందం ఎక్కువైతే జాకెట్ బిగుసుకుపోతుంది. వెచ్చదనమంతా గుడ్డ మధ్య నిలిచే గాలిలోనే ఉంటుంది, అది నలిగిపోతే ఎంత మందం వేసినా దండగ. చేతుల్లో బొచ్చు వేస్తే స్వెటర్ జారదు, పైగా గాజులు ఇరుక్కుంటాయి. నూలు ఫ్లానెల్ చేతికి మెత్తగా ఉంటుంది గానీ చెమట పీల్చుకుని చల్లబడుతుంది. బాతు ఈకల అస్తరు చాలా తేలిక, కానీ తడిస్తే ఉండ కట్టేస్తుంది, ఖరీదూ ఎక్కువే. చివరికి వీపుకీ పక్కలకీ ఫ్లీస్ అనే తేలికపాటి మెత్తటి గుడ్డ, చేతులకి నున్నటి గుడ్డ మీద పాలిస్టర్ దూది పరిచి గళ్లుగా కుట్టిన అస్తరు ఖాయం చేశాడు.

ఫ్లీస్ మీటరున్నర, మీటరు 240 చొప్పున 360. చేతుల గుడ్డ 135. కుట్టుకూలి 400. మొత్తం 895. మర్నాడు పొద్దున పదింటికల్లా ఇచ్చేశాడు. లోపల కుట్లు సమానంగా, ఒక్క దారం వేలాడకుండా ఉన్నాయి. మేం అడక్కుండానే గుండె దగ్గర మందుల కోసం ఒక లోపలి జేబు కూడా కుట్టాడు. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

అదే రోజు మళ్లీ కారుకి 3,200 పెట్టి సిస్సు వెళ్లాం. మావారు వద్దన్నారు, అత్తయ్యే పట్టుబట్టారు. నది ఒడ్డున గంటన్నర కూర్చున్నారు. చేతులు బయటే ఉన్నాయి. మేమిద్దరం మా పాత జాకెట్లలో వణుకుతూ కారెక్కి కూర్చుంటే, ఆవిడ మాత్రం ఇంకో టీ తాగి వస్తానన్నారు.