వీణకు మెట్లు వేయడం చూడాలంటే ఏ ఊరెళ్లాలి: నూజివీడు, బొబ్బిలి, తంజావూరు

నేను చేసిన మొదటి గిటార్ ఏడో మెట్టు (తీగను నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు కమ్మీ, ఫ్రెట్) దాటిందంటే శ్రుతి తప్పేది. లెక్కలో తప్పు లేదు. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. దాన్ని గిటార్ చేసేవాళ్లు మెట్ల కోసం వాడే 17.817 అనే అంకెతో భాగిస్తే మొదటి మెట్టు 36.5 దగ్గర పడుతుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోతే 12వ మెట్టు సగానికి, అంటే 325కి వస్తుంది. అన్నీ కొలతకే వేశాను, అయినా పై స్వరాలు కాస్త హెచ్చుగా పలికేవి. వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది. గిటార్లు చేయడం నేర్పేవాళ్ల కోసం వెతకడం మానేసి, వీణకూ మెట్లే కదా అని వీణలు చేసే ఊళ్లకు బయల్దేరాను. చేతిలో పది రోజుల సెలవు ఉంది.

నూజివీడుతో మొదలుపెట్టాను. రైల్లో వెళ్లేవాళ్లకు ఒక మాట: నూజివీడు పేరున్న స్టేషన్ హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంటుంది, ఊరు అక్కణ్నుంచి చాలా దూరం. విజయవాడ నుంచి బస్సే నయం. ఒక ఇంటి వసారాలో పాత వీణకు మరమ్మతు చేస్తుంటే పూటంతా చూశాను. పని చక్కగా చేస్తారు, అడిగినదానికి ఓపిగ్గా చెబుతారు. కానీ ఆ రోజు కొత్త వీణ పని ఏదీ లేదు. రాత్రి ఉండాల్సిన అవసరం కనిపించక విజయవాడ వచ్చేసి, విజయనగరం వైపు రైలెక్కాను.

బొబ్బిలికి విజయనగరం నుంచి రాయగడ వెళ్లే రైళ్లున్నాయి, బస్సులూ ఉన్నాయి. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. మంచం, దుప్పటి శుభ్రంగానే ఉన్నాయి గానీ వేడినీళ్లు బకెట్టుతో అడిగి తెచ్చుకోవాల్సిందే. సౌకర్యం కావాలనుకునేవాళ్లు విజయనగరంలో ఉండి రోజూ వచ్చిపోవచ్చు. నేనైతే అలా చేయమని చెప్పను. పని పొద్దున్నే మొదలవుతుంది, మీరు చేరేసరికి అసలు ముచ్చట అయిపోతుంది.

వీణలు చేసేది బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో. సర్వసిద్ధి అనే ఇంటిపేరు అక్కడ పదేపదే వినిపిస్తుంది. బొబ్బిలి వీణ గొప్పంతా ఏకాండి పనిలో ఉంది: కుండ (గుండ్రటి పొట్ట), దండి (మెట్లుండే పొడుగు భాగం), మెడ, అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. బాడిసతో పైపైన చెక్కేసి, లోపలికి ఉలి దించుతారు. ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందని అడిగాను. మేస్త్రి వేలి కణుపుతో కుండ మీద తట్టి, ఇంకాస్త తొలిచి, మళ్లీ తట్టాడు. రెండో మోత నాకూ వేరుగా వినిపించింది. గిటార్ పైపలకను నేను రెండున్నర మిల్లీమీటర్లు అని కొలిచి ఆపేశాను. ఏనాడూ తట్టి చూసిన పాపాన పోలేదు!

రెండో రోజు మెట్లు కట్టడం చూసే భాగ్యం దక్కింది. తేనెమైనంలో నల్లటి పొడి కలిపి దండి మీద రెండు వైపులా గట్లలా పోస్తారు. వాటి మీద 24 లోహపు మెట్లు అమరుస్తారు. మేస్త్రి స్కేలు బయటికి తీస్తాడేమోనని చూశాను. తీయలేదు. తీగ మీటుతూ, మెట్టును గోటితో వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ, పక్క తీగతో సరిచూసుకుంటూ పోయాడు. నా గిటార్ గోడు చెప్పాను.

“తీగ నొక్కితే సాగదా బాబూ? సాగితే స్వరం పెరగదా? మీ లెక్కలో నొక్కుడు వేశారా మరి?” అన్నాడు.

వేయలేదు. గిటార్ చేసేవాళ్లు ఆ తేడా సరిచేయడానికి గుర్రం (పొట్ట మీద తీగలను మోసే చెక్క, బ్రిడ్జి) మీద తీగ ఆనే బద్దను లెక్కకన్నా కొంచెం వెనక్కి పెడతారు. పుస్తకంలో చదివాను కూడా, కానీ అర మిల్లీమీటరు ఎటుపోతే ఏంలే అనుకున్నాను. వీణలో ఆ సవరణ ఒక్కో మెట్టుకూ విడివిడిగా మైనంలోనే జరిగిపోతోంది. గిటార్ మెట్టు ఒకసారి గాడిలో దిగితే మరి కదలదు, పాపం.

ఇక్కడ నేర్పడానికి ఫీజు, టైంటేబుల్ ఏవీ లేవు. పనికి అడ్డుపడకుండా కూర్చుంటే టీ కూడా ఇస్తారు. నేనున్నప్పుడు అమ్ముడైనవన్నీ అలమరలో పెట్టుకునే బుల్లి వీణలే. నేనూ ఒకటి కొన్నాను. వాళ్ల పూట పాడుచేసి ఊరికే రావడం బాగోదు కదా. బొబ్బిలి యుద్ధ స్తంభం చూడ్డానికి మిగిలిన గంట చాలింది.

తంజావూరుకు చెన్నై నుంచి రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, పొద్దుటికి దింపేస్తుంది. బసకూ భోజనానికీ మూడు ఊళ్లలో ఇదే మేలు. 24 మెట్ల వీణకు నేటి రూపం వచ్చింది 17వ శతాబ్దంలో రఘునాథ నాయకుడి కొలువులోనే అంటారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు, కాబట్టి ఎంతో ఆశతో వెళ్లాను. ఏకాండితో పాటు ముక్కలు అతికించి చేసేవీ అక్కడ చూడొచ్చు. వీణ చివర ఉండే యాళి (సింహంలాంటి పురాణ జంతువు) ముఖం చెక్కడంలో తంజావూరు చేతివాటానికి తిరుగులేదు. నాకు కలిసిరానిది వేరే. ముందుగా డబ్బు కట్టించుకుని “రెండు రోజుల శిక్షణ” అన్న ఒకచోట, తీరా వెళ్తే రెండు గంటలు తిప్పి చూపించి, ఫొటో తీసి పంపేశారు. ఉలి ముట్టుకోనివ్వలేదు. మిగతా డబ్బు అడిగితే భాష అర్థం కానట్టు నవ్వారు. డబ్బు కట్టే ముందు చేత్తో ఏం చేయిస్తారో రాతపూర్వకంగా అడగండి. మర్నాడు వీధిలో నా అంతట నేను తిరిగి ఇంకో కార్ఖానాలో కూర్చుంటే, పైసా తీసుకోకుండా బిరడలు (తీగలు బిగించే మరలు) నూరడం చూపించారు.

కుటుంబంతో వెళ్లేవాళ్లు తంజావూరే వెళ్లండి, పెద్ద గుడి, సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉన్నాయి. పని నేర్చుకోవాలనుకునేవాళ్లు బొబ్బిలికి కనీసం నాలుగు రోజులు పెట్టుకోండి. నేను రెండే పెట్టి తప్పు చేశాను. ఎండాకాలం మాత్రం వద్దు, ఆ వేడికి మైనమే మెత్తబడుతుంది, ఇక మన సంగతి చెప్పేదేముంది.

ఇంటికొచ్చాక ఆదివారం గిటార్ గుర్రం మీది పాత గాడి పూడ్చి, రెండు మిల్లీమీటర్లు వెనక కొత్తది తొలిచాను. అయిదు తీగలు దారికొచ్చాయి. ఆరోది ఇంకా మొండికేస్తోంది.