న్యాయమూర్తుల, కమిషనర్ల ఎంపిక: సెనేట్ విచారణ మేలా, మన మూసిన గది మేలా?

1949 మే 24న రాజ్యాంగ సభలో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకం చర్చకు వచ్చినప్పుడు సభ్యులు రెండు రకాల సవరణలు ప్రతిపాదించారు. ప్రధాన న్యాయమూర్తి సమ్మతి లేనిదే నియామకం జరగరాదని కొందరు, పార్లమెంటుకో ఎగువ సభకో అందులో పాత్ర ఉండాలని మరికొందరు కోరారు. అంబేద్కర్ రెండింటినీ తోసిపుచ్చారు. అమెరికాలో మాదిరిగా సెనేట్ ఆమోదానికి వదిలితే రాజకీయ ఒత్తిళ్లు చొరబడతాయనీ, ప్రధాన న్యాయమూర్తి ఎంతటివారైనా మనిషే కనుక ఆయనకు వీటో కట్టబెట్టడం ప్రమాదకరమనీ ఆయన వాదం. సుప్రీంకోర్టు 1993లో ఇచ్చిన తీర్పుతో, 1998లో వెలువరించిన అభిప్రాయంతో సీనియర్ న్యాయమూర్తులే కొత్తవారిని ఎంచే కొలీజియం స్థిరపడి, ఆయన వద్దన్న రెండు దారుల్లో మొదటిదానికే మనం దాదాపుగా చేరుకున్నాం. రెండో దారి, అంటే చట్టసభ ఆమోదం, ఇంతకంటే మేలుగా ఉండేదా అన్నది అమెరికా అనుభవాన్ని చూసి తేల్చుకోవలసిన ప్రశ్న.

అమెరికాలో అధ్యక్షుడు పేరు సూచించిన తర్వాత ఎఫ్‌బీఐ ఆ వ్యక్తి పూర్వాపరాలను ఆరా తీస్తుంది. అభ్యర్థి తన ఆస్తులు, రచనలు, ప్రసంగాలు, వాదించిన కేసుల వివరాలతో పెద్ద ప్రశ్నావళి నింపి ఇవ్వాలి. సెనేట్ న్యాయవ్యవహారాల కమిటీ బహిరంగంగా ప్రశ్నించి, ఓటు వేసి, ఆ తర్వాతే సభకు పంపుతుంది. ఈ ప్రక్రియలో నిజంగా విలువైనది ఏమిటో 2017 డిసెంబరు నాటి ఒక విచారణ చూపిస్తుంది. వాషింగ్టన్ జిల్లా కోర్టుకు అధ్యక్షుడు ట్రంప్ ప్రతిపాదించిన మాథ్యూ పీటర్సన్‌ను సెనేటర్ జాన్ కెనెడీ చాలా మామూలు ప్రశ్నలే అడిగారు: ఎన్నడైనా కోర్టులో ఒక కేసు విచారణ నడిపారా, నిపుణుల సాక్ష్యాన్ని అనుమతించే ప్రమాణం ఏమిటి? కేసు నడపలేదని ఒప్పుకున్న అభ్యర్థి మిగతా ప్రశ్నలకు తడబడ్డారు. కొద్ది రోజుల్లోనే పేరు ఉపసంహరించుకున్నారు. అడిగిన సెనేటర్ అధ్యక్షుడి పార్టీవారే కావడం గమనించదగ్గది. మన పద్ధతిలోనూ అర్హత లేనివారి పేర్లు ఆగిపోతూ ఉండవచ్చు గానీ, ఏ పేరు ఎందుకు ఆగిందో మనకు తెలిసే మార్గం తక్కువ.

అయితే విచారణ వేరు, ఓటు వేరు. సెనేట్ పద్ధతిని మెచ్చుకునేవారూ తిట్టేవారూ ఈ రెంటినీ కలిపేస్తారని నాకనిపిస్తుంది. సుప్రీంకోర్టు అభ్యర్థులనే చూడండి: 1986లో స్కాలియాకు 98-0, 1993లో గిన్స్‌బర్గ్‌కు 96-3 ఓట్లు వచ్చాయి. 2018లో కావనా 50-48తో గట్టెక్కారు. నడుమ జరిగిందేమిటంటే, చర్చను ముగించడానికి అవసరమైన 60 ఓట్ల నిబంధనను 2013లో డెమొక్రాట్లు కింది కోర్టుల, కార్యనిర్వాహక పదవుల విషయంలో ఎత్తివేశారు. 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టు విషయంలోనూ తీసేశారు. దాంతో అవతలి పక్షాన్ని ఒప్పించవలసిన అవసరమే పోయింది. 2016 మార్చిలో ఒబామా సూచించిన మెరిక్ గార్లండ్‌ను, ఎన్నికల సంవత్సరమన్న సాకుతో, సెనేట్ కనీసం విచారణకైనా పిలవలేదు. అదే సెనేట్ నాయకత్వం 2020లో పోలింగుకు 8 రోజుల ముందు ఏమీ కోనీ బారెట్‌ను 52-48తో ఆమోదించింది. అంబేద్కర్ భయం అక్షరాలా నిజమైంది. పైగా సుప్రీంకోర్టు స్థాయిలో విచారణ కూడా తంతుగా మారింది. ముందు ముందు వచ్చే కేసుల గురించి మాట్లాడనంటే చాలు, అభ్యర్థి ఎంత కఠినమైన ప్రశ్ననైనా తప్పించుకోవచ్చు.

ఇక మన వైపు. కొలీజియం బదులుగా పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను సుప్రీంకోర్టు 2015 అక్టోబరులో 4-1 తేడాతో కొట్టివేసినప్పుడు విభేదించిన ఏకైక న్యాయమూర్తి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియం రికార్డులు బయటివారికే కాదు, ప్రధాన న్యాయమూర్తి అయ్యే అదృష్టం లేని తోటి న్యాయమూర్తులకూ అందవని ఆయన రాశారు. మరుసటి ఏడాది, సమావేశాల మినిట్స్ రాయనిదే హాజరు కానని కూర్చున్నారు. 2017 అక్టోబరు నుంచి కొలీజియం తీర్మానాలను వెబ్‌సైటులో పెట్టడం మొదలైంది, కానీ వాటిలో కారణాలు ఒకసారి వివరంగా, ఒకసారి పొడిపొడిగా ఉంటాయి. కొలీజియం రెండోసారి పంపిన పేర్లను కూడా ప్రభుత్వం ఏళ్ల తరబడి అట్టే పెట్టుకోగలుగుతోంది. రాజకీయం లేకుండా పోలేదు, కనబడకుండా పోయిందంతే.

అయినా న్యాయమూర్తుల వరకు సెనేట్ తరహా సాధారణ మెజారిటీ ఓటు కంటే కొలీజియమే నయమని నా అభిప్రాయం. మన లోక్‌సభలో పాలక పక్షానికే మెజారిటీ ఉంటుంది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే చోట ఆ ఓటు రబ్బరు ముద్ర కంటే ఎక్కువ కాదు. చట్టసభకే పాత్ర ఇవ్వాలనుకుంటే జర్మనీని చూడాలి. అక్కడ రాజ్యాంగ న్యాయస్థానంలోని 16 మందిలో సగం మందిని దిగువ సభ, సగం మందిని రాష్ట్రాల సభ ఎన్నుకుంటాయి; మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, పదవి 12 ఏళ్లు, మళ్లీ పోటీ లేదు. ఏ పార్టీ ఒంటరిగా గెలిపించుకోలేదు కనుక మధ్యేమార్గపు పేర్లే ముందుకు వస్తాయి. అదీ నిర్దోషమైనదేమీ కాదు: 2025 జూలైలో ఒక ఆచార్యురాలి ఎన్నిక పాలక కూటమిలోనే అసమ్మతి రేగి ఆఖరి గడియలో వాయిదా పడింది, ఆగస్టులో ఆమె తప్పుకున్నారు.

ఎన్నికల కమిషనర్లు, విజిలెన్స్ కమిషనర్ వంటి పదవులకు వస్తే నా తూకం బహిరంగ విచారణ వైపు తిరుగుతుంది. 2010లో పి.జె. థామస్‌ను కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా ఎంపిక చేసినప్పుడు ముగ్గురు సభ్యుల కమిటీలో ప్రతిపక్ష నేత సుష్మా స్వరాజ్ అభ్యంతరం చెప్పినా నియామకం సాగిపోయింది. ఆయనపై శాఖాపరమైన చర్య తీసుకోవాలన్న పాత నోట్ ఫైళ్లను కమిటీ పరిగణించనే లేదంటూ సుప్రీంకోర్టు 2011 మార్చిలో దాన్ని రద్దు చేసింది. ఒక్క పూట బహిరంగంగా ప్రశ్నించి ఉంటే కోర్టు దాకా పోకుండానే ఆ సంగతి తేలేది.

బ్రిటన్ 2008 నుంచి చేస్తున్నది అదే. ముఖ్య పదవులకు ఎంపికైనవారిని పార్లమెంటరీ కమిటీ ముందుగా ప్రశ్నించి నివేదిక ఇస్తుంది. అది మంత్రిని కట్టడి చేయదు. 2016లో పాఠశాలల తనిఖీ సంస్థ అధిపతి పదవికి అమాండా స్పీల్‌మన్ తగరని కమిటీ చెప్పినా మంత్రి ఆమెనే నియమించారు. కోరలు లేని పద్ధతే, కాని మంత్రి ఎవరి మాట కాదన్నారో అందరికీ తెలిసింది. 2023లో నెలల తరబడి ఒకే సెనేటర్ వందలాది సైనికాధికారుల పదోన్నతులను నిలిపివేసిన అమెరికా ఉదాహరణ చూశాక, ఆపే అధికారం లేకపోవడమే ఇక్కడ మంచిదనిపిస్తుంది.

2024 మార్చిలో ఇద్దరు ఎన్నికల కమిషనర్లను ఎంచుకున్న కమిటీలో ప్రధాని, ఒక కేంద్రమంత్రి, లోక్‌సభలో కాంగ్రెస్ నేత అధీర్ రంజన్ చౌధురి ఉన్నారు. 212 పేర్ల జాబితా ముందు రాత్రి అందిందనీ, ఆరుగురితో కుదించిన జాబితా సమావేశానికి పది నిమిషాల ముందు చేతికి వచ్చిందనీ చౌధురి బయటికి వచ్చి చెప్పారు. ఆ ఆరుగురిని ఒక పార్లమెంటరీ కమిటీ ముందు ఒక రోజంతా కూర్చోబెట్టి, పాత కొలువుల్లో ఏం చేశారో ప్రసారంలో అడగడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 2023 నాటి ఎన్నికల కమిషనర్ల నియామకాల చట్టంలో ఒక సెక్షన్ చేర్చితే సరిపోతుంది.