పింక్ తీగ గులాబీ కొనేవారికి హెచ్చరిక: అంటు చచ్చిపోయిన మొక్కను నాకు అమ్మారు

ఇంటి తోట కోసం పింక్ రంగు తీగ గులాబీని, ముఖ్యంగా ఫొటో చూసి ఆన్‌లైన్‌లో, కొనబోతున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. నాకు అమ్మిన మొక్క రెండేళ్లపాటు నీరు, ఎరువు, ఎండ బాగా పడే చోటు అన్నీ తీసుకుని, చివరికి గులాబీ అని చెబితే పిల్లలు కూడా నమ్మని చిన్న చిన్న తెల్ల పూలు పూసింది. తెగులు ఏదీ రాలేదు, పెంపకంలోనూ నేను లోటు చేయలేదు. అంటు కట్టిన పింక్ గులాబీ మా ఇంటికి చేరేసరికే చచ్చిపోయి ఉంది. దాన్ని ఏ అడవి గులాబీ వేరు మీద అంటు కట్టారో ఆ వేరుమొక్క ఒక్కటే బతికి, కమాను నిండా అల్లుకుంది.

అమ్మకపు పేజీలో ఉన్నది ఒక గోడను పూర్తిగా కప్పేసి విరగబూసిన గులాబీ తీగ ఫొటో. రకం పేరు ఉండవలసిన చోట "పింక్ క్లైంబింగ్ రోజ్" అని మాత్రమే రాసి ఉంది. ఆ మాత్రానికే తృప్తిపడి కొనడం నా మొదటి పొరపాటని ఒప్పుకుంటున్నాను. పార్సిల్ విప్పితే మూరెడు పొడవున్న రెండు రెమ్మలు, వాటి మొదట్లో తెల్ల ప్లాస్టిక్ పట్టీ చుట్టిన ఒక బుడిపె, అంటే అంటు కట్టిన చోటు, కనిపించాయి. ఆ బుడిపెను రెండంగుళాల లోతున మట్టిలో కప్పి నాటమని వెంట వచ్చిన చీటీలో ఉంది. చలి తీవ్రంగా ఉండే చోట్ల మంచుకు అంటు దెబ్బతినకుండా అలా పూడ్చడం నిజంగానే ఉన్న పద్ధతి, వెచ్చని చోట్ల మాత్రం దాన్ని నేలకు పైనే ఉంచుతారు. మా చోటు ఎలాంటిదో అడగకుండానే అందరికీ ఒకే చీటీ పంపడం నిర్లక్ష్యమో తెలివో నేను చెప్పలేను గానీ, చీటీ మాట నమ్మి నేను కప్పిన ఆ రెండంగుళాల మట్టి కిందే అసలు సంగతి రెండేళ్లు దాగి ఉంది.

మొదటి ఏడాది మొక్క పెరిగిన తీరు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాము. వేసవి ముగిసేలోగా కొమ్మలు కమాను పైభాగాన్ని అందుకున్నాయి. మా అత్తయ్యగారు ఒక్కరే, "ఇంత ఏపుగా పెరిగి ఒక్క మొగ్గైనా తొడగని గులాబీని నేనెక్కడా చూడలేదమ్మా" అన్నారు. ఆవిడకు సర్దిచెప్పింది నేనే. ఎందుకంటే తీగ గులాబీల్లో ఏడాదికి ఒకేసారి పూసే రకాలకు పూలు కిందటేడాది ముదిరిన కొమ్మల మీదే వస్తాయి కాబట్టి, నాటిన ఏడాది అవి పూయకపోవడం సహజం. ఇలాంటి లోపం దాక్కోవడానికి ఇంతకంటే అనువైన మొక్క మరొకటి ఉండదు. తరచూ పూసే పొద గులాబీ అయితే మొదటి కొన్ని నెలల్లోనే తేలిపోయే విషయం, తీగ గులాబీలో రెండో వసంతం దాకా తేలకపోవచ్చు. మొక్క మార్చి ఇచ్చే గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పైగా ఆ ఏపును చూసి సంతోషించాము గానీ, అంటు మొక్క కంటే వేరుమొక్కే సాధారణంగా ఎక్కువ జోరుగా పెరుగుతుందన్న సంగతి మాకు తట్టలేదు. అసలు వేరుమొక్కగా దాన్ని ఎంచుకునేదే ఆ జోరు కోసం.

రెండో ఏడాది కొమ్మల నిండా మొగ్గలు వచ్చాయి. విచ్చుకుంటే ఒక్కో గుత్తిలో డజన్లకొద్దీ తెల్ల పూలు, ఒక్కోదానికి 5 రేకులు, మధ్యలో పసుపు కేసరాలు. అవి కూడా రెండు వారాలకే రాలిపోయాయి. అప్పుడు మొదట్లో మట్టి తోడి చూశాను. ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంది, లావెక్కిన కాండంలోకి తాడులా కోసుకుపోయి ఉంది. పట్టీకి పైన బొటనవేలంత నల్లని ఎండు మోడు మిగిలింది. గోటితో గీరితే బెరడు కింద గోధుమ రంగు పొడి రాలింది. అదే పట్టీకి కింద గీరితే పచ్చగా, తడిగా ఉంది. మేము రెండేళ్లుగా కమానుకు కట్టుకుంటూ వచ్చిన కొమ్మలన్నీ ఆ పచ్చని భాగం నుంచే, అంటే పట్టీకి కింది నుంచే పుట్టుకొచ్చాయి.

అమ్మినవారు మొదట మరో ఏడాది ఓపిక పట్టమన్నారు. ఫొటోలు పంపాక మట్టి వల్ల పూల రంగు మారిందన్నారు. దీన్ని మాత్రం ఎవరూ నమ్మకండి. మట్టిని బట్టి నీలానికీ పింక్‌కీ మారేవి హైడ్రాంజియా పూలు. ఎండను బట్టి గులాబీ రంగు కాస్త వెలిసిపోవచ్చు, చలికి కాస్త ముదరవచ్చు, అంతే తప్ప ముద్ద గులాబీ 5 రేకుల గుత్తి పువ్వుగా ఏ మట్టిలోనూ మారదు. చివరికి 30 రోజుల గడువు దాటిందని సమాధానం ఇచ్చి, ఆ తరువాత ఉత్తరాలకు బదులివ్వడం మానేశారు. మొక్క వచ్చిన రోజు నేను ఒక్క ఫొటో కూడా తీసి ఉంచలేదు కాబట్టి అంటు అప్పటికే ఎండిందని రుజువు చేసే దారి నాకు లేకపోయింది. పార్సిల్ విప్పగానే అంటు కట్టిన చోటును దగ్గరగా, వెలుతురులో ఫొటో తీయండి. మట్టి కప్పడం ఆ తరువాత సంగతి.

ఆకు చూసి గుర్తుపట్టవచ్చని చాలామంది చెబుతారు, అందులో సగమే నిజం. వేరుమొక్కగా విరివిగా వాడే రోజా మల్టీఫ్లోరా అనే అడవి గులాబీకి ఒక్కో ఆకులో ఎక్కువగా 7 నుంచి 9 చిట్టాకులు ఉంటాయి. ఆకు కాడ కాండాన్ని తాకే చోట దువ్వెన పళ్లలా చీలిన సన్నని అంచు ఉంటుంది. మా అమ్మాయి భూతద్దం పెట్టి చూసి "అమ్మా, దీనికి కనురెప్ప వెంట్రుకలున్నాయి" అన్నది ఆ అంచు గురించే. అయితే మల్టీఫ్లోరా రక్తం పంచుకున్న ర్యాంబ్లర్ రకాలకు, అంటే పొడవాటి వంగే కొమ్మలతో అల్లుకునే తీగ గులాబీలకు కూడా ఆకులు, ఆ అంచు అలాగే ఉండవచ్చు. కాబట్టి ఆకును చూసి అనుమానించండి, తీర్పు మాత్రం కొమ్మ ఎక్కడి నుంచి పుట్టిందో చూశాకే ఇవ్వండి. బుడిపెకు పైనుంచి పుట్టినది మీరు డబ్బిచ్చి కొన్న గులాబీ. కింది నుంచి వచ్చింది పిలక. పిలక ఎంత అందంగా ఉన్నా నేల మట్టానికి కత్తిరించి వదిలేస్తే అక్కడి నుంచే రెట్టింపుగా వస్తుంది, మట్టి తీసి అది పుట్టిన చోటు నుంచే లాగి పీకాలి.

రకం పేరు రాయనివారి దగ్గర కొనవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పింక్ తీగ గులాబీ అనేది ఒక మొక్క కాదు. 1931లో అమెరికాలో మొట్టమొదటి మొక్కల పేటెంటు దక్కించుకున్న న్యూ డాన్ అనే రకం లేత పింక్, విడతలు విడతలుగా పూస్తుంది. అది ఏ మొక్క నుంచి పుట్టిందో ఆ డాక్టర్ డబ్ల్యూ వాన్ ఫ్లీట్ అనే రకం అచ్చం అలాంటి పూలే పూసినా ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. 1901 నాటి డొరోతీ పెర్కిన్స్ కూడా ఒకేసారి పూసేదే, గాలి ఆడని గోడ పక్కన పెడితే బూడిద తెగులు పట్టుకుంటుంది. పియెర్ ద రోన్సార్ పూలు ఎంత బరువంటే కొమ్మ తలవంచేస్తుంది. ఈ నాలుగింటికీ కత్తిరించే కాలమూ, కట్టే తీరూ, కావలసిన చోటూ ఒకటి కావు. పేరు తెలియని మొక్కకు ఏ కాలంలో కత్తెర వేయాలో ఎవరు చెప్పగలరు? పొద గులాబీ నుంచి తీగగా మారిన రకాలను కొన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే వాటిని మొదటి ఏళ్లలో గట్టిగా కత్తిరిస్తే మళ్లీ పొదగానే మారిపోయే ప్రమాదం ఉంది. ఇక తీగ గులాబీ గింజలంటూ ప్యాకెట్లు అమ్మేవారి జోలికి అసలు పోవద్దు. తోట గులాబీలు సంకర జాతులు, గింజ నుంచి తల్లి పువ్వు అచ్చంగా రాదు.

మా మొక్కను తీసేయడానికి ఒక పూటంతా పట్టింది. వేరు మొదలు కొంచెం మిగిలినా మళ్లీ చిగురిస్తుంది కాబట్టి చుట్టూ లోతుగా తవ్వి మొత్తం పెకలించాము. గులాబీ పెరిగిన మట్టిలోనే వెంటనే మరో గులాబీ పెడితే కొత్తది సరిగా కోలుకోదు కనుక ఆ గుంట వదిలేసి, కమాను రెండో కాలు పక్కన మంచి మట్టి నింపి జెఫిరీన్ ద్రూయాఁ నాటాము. 1868 నాటి ఈ రకం ముదురు పింక్ రంగులో పూస్తుంది, కొమ్మకు ముళ్లు దాదాపు ఉండవు కాబట్టి పిల్లలు పరుగెత్తే బాటకు నప్పుతుంది. నల్ల మచ్చ తెగులు త్వరగా పట్టే మాట నిజమే, ఆ సంగతి తెలిసే తీసుకున్నాను. ఈసారి మొక్క అంటుది కాదు, కొమ్మ నుంచి సొంత వేళ్లతో పెంచినది. కింది నుంచి ఏ చిగురు వచ్చినా అదీ జెఫిరీనే. కుండీలో ఉండగానే విచ్చిన పువ్వును కళ్లారా చూసి, చీటీ మీద రకం పేరు రాయించుకున్నాకే డబ్బిచ్చాను.